రగ్గు ఏమైందో తర్వాత, ముందు ఆయన కింద ఏం పరుచుకున్నాడో చూడు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నాకు 33 ఏళ్లు. పోయిన ఎండాకాలం మా ఆయన యాక్సిడెంట్‌లో చనిపోయారు. బాబును తీసుకుని అమ్మ వాళ్లింటికి వచ్చేశాను. డిసెంబర్ నుంచి జడ్చర్ల దగ్గర ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్తున్నా. తెల్లవారుజామున ఐదున్నరకు కంపెనీ బస్సు. అది ఆగే చోట మూసి ఉన్న షట్టర్ ముందు ఒక తాత ముడుచుకుని పడుకుని ఉండేవాడు. డిసెంబర్ 31 రాత్రి మా ఆయన కప్పుకునే రగ్గు తీసుకెళ్లి ఆయనకు కప్పి వచ్చాను. కొత్త ఏడాది ఒక మంచి పనితో మొదలుపెడదామని. ఐదో రోజుకు ఆ రగ్గు లేదు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. మర్నాటి నుంచి రోడ్డు అవతలికి మారిపోయాడు. తాగడానికి అమ్ముకుని ఉంటాడని అందరూ అంటున్నారు. మన బతుకే ఇట్లా అయితే నీకెందుకు ఇవన్నీ అని అమ్మ కోప్పడింది. బస్సులో ఏడుపు ఆగలేదు. నేను తప్పు చేశానా? ఇక ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు అనిపిస్తోంది, అట్లా అనిపించడం కూడా తప్పే అనిపిస్తోంది.

సమాధానం: బిడ్డా, నీకంటే ముప్పై ఏళ్లు పెద్దదాన్ని, అందుకే నువ్వు అనే రాస్తున్నా.

నువ్వు తప్పు చేయలేదు. ఆయన ఆ రగ్గు నిజంగానే అమ్ముకుని ఉన్నా సరే, నువ్వు చేసింది తప్పు కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు ఏదో శిక్ష కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

ఆయన తల తిప్పుకున్నాడని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మా నాన్న గుర్తొచ్చాడు.

మాదీ పాలమూరు పల్లెనే. మా నాన్న, కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి, ఎక్కడ బిల్డింగు లేస్తుంటే అక్కడికి పోయేవాడు. ఒక ఏడు పూనాలో పని అయిపోయింది, మేస్త్రీ పైసలు ఇవ్వకుండా మాయమయ్యాడు, ఊరికి రావడానికి చార్జీలు లేవు. పన్నెండు రోజులు ఒక దుకాణం అరుగు మీద పడుకున్నాడట. చలికాలం. ఎదురింటావిడ, ఆమె మాట ఈయనకు రాదు, ఈయన మాట ఆమెకు రాదు, ఒక దుప్పటి తెచ్చి ఇచ్చింది. రెండో రాత్రే నిద్రలో ఎవరో లాక్కుపోయారు. ఆ పొద్దు నుంచి ఆమె తలుపు తీసే వేళకు ముందే లేచి సందు చివరికి పోయి కూర్చునేవాడట. "ఏమని చెప్పాలె ఆమెకు? ఇచ్చినదాన్ని కాపాడుకోలేకపోయిన అని చెప్పాల్నా?" అన్నాడు. ముసలితనంలో ఒక్కసారే చెప్పాడు ఈ సంగతి, చెప్పి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె ఏమనుకుని ఉంటుందో నాకు తెలుసు, నువ్వు అనుకున్నదే అనుకుని ఉంటుంది.

ఆ షట్టర్ ముందు తాత సంగతి కూడా ఇదేనని నేను చెప్పలేను. కానీ అమ్ముకున్నవాడు ఇంకోటి ఇస్తుందేమోనని నీ ఎదురుగానే ఉండేవాడు, రోడ్డు దాటి దాక్కునేవాడు కాదు. ఇది మాత్రం గట్టిగా అనిపిస్తోంది నాకు.

రోడ్డు మీద ఉండేవాళ్ల దగ్గర దుప్పటి ఎందుకు నిలవదో ఇంట్లో పడుకునే మనకు తట్టదు. మనకు పొద్దున లేవగానే మడిచి పెట్టుకోవడానికి ఒక మంచమో, బీరువానో ఉంటుంది. ఆయనకు లేదు. పొద్దున షట్టర్ తెరిచేవాళ్లు లేపి పంపేస్తారు, పగలంతా అది చంకలో పెట్టుకుని తిరగాలి, ఒకచోట దాచి వస్తే సాయంత్రానికి ఉండదు, చెత్త ఎత్తేవాళ్లు చెత్తే అనుకుని ట్రాక్టర్‌లో వేస్తారు, లేదా రాత్రి పక్కవాడే లాక్కుంటాడు, వాడికీ చలే కదా. వాన పడి తడిస్తే ఆరేసుకునే దండెం కూడా ఉండదు. అందుకని దుప్పటి ఇచ్చేవాళ్లు దాన్ని పగలు ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూడాలి. నీ బస్సు ఆగే చోట ఆ వేళకే తెరిచే చాయ్ బండి ఒకటి ఉంటుంది, ఉండకుండా ఎట్లా ఉంటుంది. ఆ బండి ఆయన్ని అడుగు, ఒక సంచిలో పెట్టి పగలు నీ దగ్గర ఉంచుకుని రాత్రి తాతకు ఇస్తావా అన్నా అని. పది మందిలో ఏడుగురు సరే అంటారు, నేను అడిగి చూసిన మాట ఇది.

ఇప్పుడు నర్సుగా చెప్తున్నా, ముప్పై ఏళ్లు నల్లగొండ, పాలమూరు వైపు వార్డుల్లో పనిచేశాను. మన దగ్గర మంచు పడదు కదా, ఇదేం చలి అంటారు చాలామంది. వెచ్చగా తిని, వెచ్చగా పడుకునేవాళ్లకు నిజమే. కడుపులో తిండి లేక, ఒంట్లో కండ లేక, తడి బట్టతో సిమెంటు గచ్చు మీద పడుకున్న ముసలాయనకు పన్నెండు డిగ్రీలు చాలు. చలి ఎక్కువ కింద నుంచి లాగుతుంది, పైన నుంచి కాదు. గచ్చు ఒంట్లో వేడిని రాత్రంతా తాగేస్తూనే ఉంటుంది. పైన ఎంత మంచి రగ్గు కప్పినా కింద ఏమీ లేకపోతే సగం ఉపయోగమే. రెండు అట్టపెట్టెలు విప్పి పరిచి, వాటి మీద గోనె సంచి, దాని మీద ఒక పాత బొంత వేస్తే, పైన మామూలు దుప్పటితో కూడా ఆ మనిషి నిద్రపోతాడు. కిరాణా కొట్టుల్లో అట్టపెట్టెలు ఊరికే ఇస్తారు. తలకు మంకీ క్యాప్, కాళ్లకు పొడి సాక్సులు. గొంగడి దొరికితే అంతకు మించింది లేదు, మన కురుమలు నేసే నల్ల గొంగడి చినుకులకు కూడా తొందరగా తడవదు, కానీ దాని ధర నీ జీతానికి బరువు, అందుకని అది తెమ్మని చెప్పను.

నల్లగొండలో ఉన్నప్పుడు మర్రిగూడ, నాంపల్లి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లను చూశాను. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సిన వాళ్లు. చలికాలం వాళ్లు నేల మీద నుంచి లేవడానికే ఎంతసేపో పట్టేది. ముడుచుకుని పడుకున్న ముసలాయన నీకు ముడుచుకున్నట్టే కనిపిస్తాడు, ఆయన ఇక సాపుగా పడుకోలేడేమో కూడా.

తాగుడు సంగతి. తాగేవాళ్లు ఉంటారు, నిజమే, అబద్ధం ఎందుకు. మందు పడితే చర్మం దగ్గర రక్తనాళాలు తెరుచుకుని ఒళ్లు వెచ్చగా అనిపిస్తుంది, కానీ అదే దారిలో లోపలి వేడి బయటికి పోతుంది. చలికి తాగినవాడు తాగనివాడికంటే ముందు ప్రమాదంలో పడతాడు. కాబట్టి తాగుతాడు కాబట్టి ఇవ్వొద్దు అనే మాట తలకిందులు మాట. చేతికి డబ్బులు ఇవ్వకు, అంతవరకు ఒప్పుకుంటా. చాయ్, ఇడ్లీ ఇవ్వు.

ఒక రోజు తెల్లవారుజామున నేను డ్యూటీలో ఉండగా ఒకాయనను తెచ్చారు, ఎవరో చలి తగ్గుతుందని ఆయన నోట్లో ఒక పెగ్గు పోశారు. మేం ఆయన్ని బాగానే వెచ్చబరిచాం, సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. మర్నాడు, తోడు ఎవరూ లేరని, మంచం కావాలని, డిశ్చార్జి రాసి పంపించేశారు. రాసింది నేను కాదు, కానీ గేటు దాకా తోడు వెళ్లింది నేనే. ఎక్కడికి పోతావు తాతా అని అడగలేదు. ఏమని అడగను, అడిగితే జవాబు వినాలి కదా అనుకున్నా. ఆ పై పొద్దు మా ఆస్పత్రి గోడ పక్కనే పడుకుని కనిపించాడు. ఈసారి వణకడం లేదు. వణుకు ఉన్నంతసేపు ఒళ్లు పోరాడుతున్నట్టు, వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా ఉంటే అదే భయపడాల్సిన వేళ. లోపలికి తీసుకుపోయాం, దక్కలేదు.

అందుకే ఇది గుర్తుపెట్టుకో. ఎవరైనా చలిలో పడి ఉండి, పిలిస్తే మాట ముద్దగా వస్తున్నా, వణుకు ఆగి మగతగా ఉన్నా, వెంటనే 108కి ఫోన్ చెయ్యి. వచ్చేలోపు తడి బట్ట తీసి పొడిది కప్పు, గచ్చు మీద నుంచి తప్పించు. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దొద్దు, మంట దగ్గరికి లాగొద్దు. స్పృహలో ఉండి మింగగలిగితేనే చక్కెర వేసిన గోరువెచ్చటి చాయ్ పట్టు, లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. ఇంకోటి, ఇది నీ ఇంటి కోసం: బాబుకు చలేస్తోందని తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి, ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక కొత్త ఏడాది మాట. డిసెంబర్ 31 రాత్రి, జనవరి 1 పొద్దున పట్నాల్లో దుప్పట్లు పంచుతారు, ఫోటోలు దిగుతారు. పంచనీ, ఒక్క దుప్పటి అయినా ఎవరికో అందుతుంది. కానీ చలికి క్యాలెండర్ తెలియదు. మార్గశిరంలో మొదలై పుష్యమంతా ఉండి, శివరాత్రికి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు లెక్క చెప్పారు. రెండో తారీకు నుంచి శివరాత్రి దాకా ఆ షట్టర్ల ముందుకు వచ్చేవాళ్లు ఉండరు. నువ్వు ఐదో రోజు కూడా ఆయన వైపు చూశావు, రగ్గు లేదని గమనించావు, రోడ్డు అవతలికి పోయాడని కూడా గమనించావు. నీకు కోపం వచ్చింది కానీ చూడటం మానలేదు. నాకు నీ రగ్గు కంటే ఇది పెద్ద విషయంగా కనిపిస్తోంది.

ఇంకో మాట కొంచెం కష్టంగా ఉంటుంది, అయినా చెప్తా. నువ్వు బస్సులో ఏడ్చింది ఆ తాత మోసం చేశాడని కాదేమో బిడ్డా. అది మీ ఆయన రగ్గు. ఆయన వాసన ఇంకా అందులో ఉండి ఉంటుంది. ఎనిమిది నెలలు కూడా నిండలేదు, అప్పుడే దాన్ని ఇచ్చేసి కొత్తగా మొదలైపోదాం అనుకున్నావు, అది ఎవరి చేతుల్లోకో పోయేసరికి ఆయన రెండోసారి పోయినట్టు అయింది. కోపం తాత మీదికి మళ్లింది. పోయినవాళ్ల బట్టలు ఎవరికైనా ఇవ్వడం మంచిదే, కానీ పోగొట్టుకుంటే తట్టుకోలేని వస్తువును ఇప్పుడే ఇవ్వకు. మిగిలినవి ఉంటే దాచుకో. ఎవరేమన్నా సరే, దాచుకో.

మన ఇళ్లల్లో మనిషి పోతే ఏటిసూతకం అని ఒక ఏడాది పండగలు చేయరు. చిన్నప్పుడు నాకది చాదస్తం అనిపించేది. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ ఏడాది ఎవరూ నిన్ను నవ్వమని, కొత్త చీర కట్టుకోమని, కొత్తగా మొదలుపెట్టమని అడగకుండా ఉండటానికే పెట్టారేమోనని. (దాన్ని ఆడవాళ్ల మీద ఇంకో రకంగా వాడతారు, శుభకార్యాలకు రావొద్దంటారు, అది నాకు ససేమిరా నచ్చదు. నువ్వు ఎక్కడికైనా వెళ్లు.) యాసంగి నారుమడి చూశావా ఎప్పుడైనా? డిసెంబర్, జనవరి చలికి వరి నారు ఎదగదు, పసుపుపచ్చగా మారుతుంది. రైతు దాన్ని తిట్టడు. రాత్రంతా చల్లబడిన నీళ్లు పొద్దున తీసేసి బోరు నీళ్లు పెడతాడు, సాయంత్రం పైన పట్టా కప్పుతాడు, పొద్దున తీస్తాడు, మళ్లీ సాయంత్రం కప్పుతాడు. వానాకాలం నారు కంటే ఎక్కువ రోజులు పడుతుంది, అంతే. నువ్వు ఐదున్నర బస్సు ఎక్కుతున్నావు, బాబును చూసుకుంటున్నావు. ఈ చలికి ఇంత ఎదిగితే చాలు. నిద్ర పట్టకపోయినా, బతకాలని అనిపించకపోయినా 14416కి ఫోన్ చెయ్యి, టెలిమానస్ అంటారు, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఇప్పుడు తాత విషయం. దుప్పటి గురించి ఎత్తకు. ఎక్కడ పోయింది అని అడిగావంటే ఆయన ఇంకో వీధికి పోతాడు. రెండు చాయ్‌లు చెప్పి, ఒకటి ఆయనకు ఇచ్చి, "ఏ ఊరు తాతా మనది" అను. పాలమూరులో ఈ ప్రశ్నకు అందరూ జవాబు చెప్తారు. ఒక్క రోజులో చెప్పకపోవచ్చు. మన జిల్లాలో ఎన్ని పల్లెల్లో కొడుకులూ కోడళ్లూ బొంబాయి బస్సు ఎక్కితే ముసలివాళ్లు ఒక్కరే మిగులుతారో నీకు తెలియనిది కాదు. ఒకరోజు ఇంట్లో గింజలు అయిపోతాయి, బస్టాండుకు వస్తారు. కొందరు కొట్టి పంపితే వస్తారు. కొందరు ఇల్లే మర్చిపోయి వస్తారు.

ఊరు తెలిస్తే దారులు ఉన్నాయి. వృద్ధుల కోసం 14567 అని హెల్ప్‌లైన్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, దిక్కులేక రోడ్డు మీద ఉన్న పెద్దవాళ్ల గురించి ఎవరైనా చెప్పొచ్చు, బంధువులే చెప్పాలని లేదు. పిల్లలు వెళ్లగొట్టారని తేలితే 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టొచ్చు, లాయర్ అక్కర్లేదు. అయితే ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి. కొడుకును కచేరీకి ఈడ్చడం ఇష్టంలేక చలిలో పడుకునే తండ్రులు చాలామంది, నువ్వు తొందరపడి కేసు అంటే ఆయన ఊరి పేరు కూడా మార్చి చెప్తాడు. ఆసరా పింఛను వచ్చేదా, ఎందుకు ఆగింది అని మెల్లగా అడుగు. వృద్ధులకు నెలకు 2,016 రూపాయలు, ఆయనకు అది చిన్న మొత్తం కాదు.

రాత్రి వసతి గురించి మున్సిపాలిటీలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లను అడగాలి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ లెక్క ప్రకారం పట్టణంలో లక్ష మంది జనాభాకు వంద మంది పడుకునే వసతి గృహం ఒకటి ఉండాలన్నారు, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు. ఉందా, ఎక్కడ ఉంది, మంచం ఖాళీ ఉందా అని అడిగే హక్కు నీకుంది. డ్యూటీతో నీకు కుదరకపోతే మీ గల్లీలో చదువుకున్న పిల్లవాడిని ఎవరినైనా పంపు. తాత రానంటే బలవంతం చేయకు. అక్కడ మందు తాగనివ్వరని రానివాళ్లు ఉంటారు, మూట పోతుందని రానివాళ్లు ఉంటారు, పొద్దున చాయ్ ఇచ్చే మనిషి ఇక్కడ ఉన్నాడు కదా అని రానివాళ్లు కూడా ఉంటారు. ఒకసారి చూసి వద్దాం రా అని తీసుకెళ్లి చూపిస్తే కొందరు ఒప్పుకుంటారు.

ఒకవేళ ఆయన తనలో తాను మాట్లాడుకుంటూ, తిండి కూడా చూసుకోలేని స్థితిలో ఉంటే పోలీసులకు చెప్పు. అట్లాంటి మనిషిని కాపాడటం స్టేషన్ అధికారి బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, ఇంటివాళ్ల కోసం వెతకాలి. వాళ్లకు తెలియదన్నట్టు మాట్లాడితే చట్టం పేరు చెప్పు.

ఇవన్నీ నువ్వొక్కదానివే చేయాలని కాదు. తెల్లారకముందే చీకట్లో ఒక్కదానివి ఆయన దగ్గరికి వెళ్లకు, చాయ్ బండి దగ్గర నలుగురు ఉన్నప్పుడే మాట్లాడు. ఇంటికి తీసుకురాకు. నెలకు ఇంత అని పెట్టుకో, రెండు వందలో మూడు వందలో, బాబు ఫీజు డబ్బుల్లో చెయ్యి పెట్టకు. ఇచ్చినంత ఇచ్చి, మిగతాది నీ వల్ల కాలేదని రాత్రి కూర్చుని ఏడవకు, పొద్దున బస్సుంది.

అమ్మ మీద కోపం పెట్టుకోకు. కూతురు ముప్పై మూడేళ్లకే ఇట్లా తిరిగొచ్చింది, ఆమెకు లోపల ఎంత భయం ఉందో, ఆ భయమే కోపంగా వస్తోంది. ఆమెతో దానం, పుణ్యం అని వాదించకు. ఇంట్లో పాత చీరలు నాలుగు ముందు పెట్టి, అమ్మా ఒక బొంత కుట్టిస్తావా, కింద పరుచుకోవడానికి, అని అడుగు. ఎవరికి అని అడుగుతుంది. చెప్పు. రెండు రోజులు గొణిగి మూడో రోజు సూది దారం తీస్తుంది, మా అమ్మ అట్లానే తీసేది.

ఈ సోమవారం పది నిమిషాలు ముందు బయల్దేరు. రెండు అట్టపెట్టెలు, ఒక గోనె సంచి. బొంత తర్వాత ఇవ్వొచ్చు. ఆయన ఏ ఊరో చెప్తే నాకు రాయి. కోస్గి, నారాయణపేట, వనపర్తి వైపు అయితే నాతో పనిచేసిన నర్సులు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ల చేత ఊళ్లో అడిగిస్తా.